నూట పన్నెండో పేజీ

మార్చి 3, సోమవారం

మేము వేసిన వేట పుస్తకం మీద పత్రికలో రివ్యూ వచ్చింది. అరపేజీ. ఓనర్ దాన్ని కత్తిరించి నోటీసు బోర్డుకి అంటించాడు. పక్కన ఎర్ర స్కెచ్ పెన్నుతో రెండు స్టార్లు కూడా గీశాడు. రాసినాయన సగానికి సగం నూట పన్నెండో పేజీ గురించే రాశాడు. కొండ మీద ఒంటరిగా పడి ఉన్న వేటగాడు చీలిపోయిన తన పిక్కని తానే కుట్టుకునే పేజీ అది. తోడు లేని మనిషికి తన చేతులే తోడని ఇంత క్లుప్తంగా ఎవరూ చెప్పలేదట.

చెప్పింది నేను. పుస్తకం మీద పేరు పెద్దాయనది, ఆ పేజీ మాత్రం నాది. ఆయన అలా చెప్పలేదు. ఆ కాలు కుట్టిన చేతులు వేరేవాళ్ళవి.

ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే ఊపిరాడేట్టు లేదు. అందుకే ఈ నోటుబుక్.

మార్చి 6, గురువారం

మొదటినుంచీ రాస్తాను.

పెద్దాయన పాత వేటగాడు. వేటకు లైసెన్సులిచ్చే రోజుల్లో తుపాకీ పట్టిన మనిషి. ఇప్పుడు రెండు కళ్ళకీ శుక్లాలు. ఆయన చెబుతుంటే రికార్డు చేసుకుని నాలుగు నెలలు కూర్చుని రాశాను. నలభై ఏళ్ళ కిందట అడవిపంది కోసం కొండెక్కాడు. వానకి వాగు పొంగి దారి మూసుకుపోయింది. తొమ్మిది రోజులు అక్కడే చిక్కుకుపోయాడు.

ఒక్కడే కాదు. వెంట బావమరిది ఉన్నాడు. టైలరు. బక్కపల్చటి మనిషి కాబట్టి పెద్దాయన సూది అని పిలుస్తాడు. తుపాకీ పేలకముందే చెవులు మూసుకునే రకం. ఆయన్ని ఒంటరిగా పంపితే ఇంటికి రాడు, నువ్వూ వెంట పో అని అక్క తరిమితే వెళ్ళాడు.

మూడో రోజున పెద్దాయన జారిపడ్డాడు. చీలమండ విరిగింది, పిక్క చీలింది, తుపాకీ వాగులో కొట్టుకుపోయింది. మిగిలిన ఆరు రోజులూ ఇద్దర్నీ బతికించింది సూదే. జేబులో ఎప్పుడూ ఉండే దారపు ఉండతో ఉచ్చులు పన్ని పిట్టల్ని పట్టాడు. బొత్తాలు కుట్టే సూదితో బావ కాలు కుట్టాడు. వాగు తగ్గాక వీపున వేసుకుని కొండ దింపాడు. అక్కని చేసుకున్నందుకు తమ్ముణ్ణి కూడా జీవితాంతం మోయాలి కాబోలు అనుకున్నానమ్మా, చివరికి వాడే నన్ను మోశాడు అన్నాడు పెద్దాయన. రికార్డింగులో ఆ వెంటనే సూది గొంతు కూడా ఉంది. నువ్వేం బరువు కాదు బావా, దారి పొడుగునా నువ్వు తిట్టిన తిట్లే బరువు అంటాడు. తర్వాత ఇద్దరూ చాలాసేపు నవ్వుతారు.

పుస్తకంలో సూది లేడు.

వేట కథలో ఇద్దరుంటే అది వేట కాదు, పిక్నిక్ అన్నాడు ఓనర్. ఆయన్ని అనుకుని లాభం లేదు, నాకూ అలాగే అనిపించింది. నేను చదివిన వేట పుస్తకాలన్నీ ఒకే అచ్చు. ఒక మనిషి, ఒక మృగం, మధ్యలో అడవి. ఆకలేస్తే తనే చంపాలి, దెబ్బ తగిలితే తనే కట్టుకోవాలి, భయమేస్తే ఎవరికీ చెప్పకూడదు. అలాంటి చోట పిట్టలకు ఉచ్చులు పన్నే టైలరు, బావ తిట్లు, బావమరిది నవ్వులు వస్తే చదివేవాళ్ళకి ప్రాణభయం పోతుందనుకున్నాను. సూది చేసిన పనులన్నీ ఒక్కొక్కటే తీసి పెద్దాయన చేతుల్లో పెట్టాను. నాలుగు రోజుల పని. హాయిగా చేశాను, అదీ నిజమే.

మార్చి 7, శుక్రవారం

అసలు తప్పు ఇంకా రాయలేదు.

మార్చి 12, బుధవారం

రాస్తున్నాను.

మా సంస్థలో ఒక పద్ధతుంది. చూపు ఆనని రచయితకి ఆఖరి ప్రూఫు మొత్తం చదివి వినిపించాలి. విన్నాక ఆయన ప్రతి పేజీ కిందా పొట్టి సంతకం పెట్టాలి. ఆ సంతకాలు లేనిదే ఫైలు ప్రెస్సుకి వెళ్ళదు.

పెద్దాయన, సూది ఉండేది టైలర్ షాపు వెనక రెండు గదుల్లో. అక్క పోయి ఆరేళ్ళు. అప్పటినుంచి ఇద్దరే. ఒకరి చొక్కా ఒకరు వేసుకుని ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ ఉంటారు. రెండు మధ్యాహ్నాలు అక్కడికి వెళ్ళాను. సంచిలో రెండు కట్టలున్నాయి. సూది ఉన్న పాతది ఒకటి, సూది లేని ప్రూఫు ఒకటి. ప్రెస్సుకి తేదీ ఇచ్చేశారు. అడిగితే పెద్దాయన ఒప్పుకోడని తెలుసు. పాత కట్ట ఒళ్ళో పెట్టుకుని చదివాను. కొత్త కట్ట బల్ల మీద పెట్టి సంతకాలు తీసుకున్నాను.

సూది మెషిన్ ఆపేసి విన్నాడు. తన సంగతి వచ్చినప్పుడల్లా తల దించుకుని మెడలోని కొలతల టేపుని వేలికి చుట్టాడు, విప్పాడు. అతనికి చదువు రాదు. కొలతలు రాసుకోవాలి కాబట్టి అంకెలు మాత్రం వచ్చు. పెద్దాయనకి పేజీ కింద ఖాళీ ఎక్కడుందో కనబడకపోతే సూదే ఆయన మణికట్టు పట్టుకుని సరిగ్గా అక్కడ ఆనించాడు. రెండు వందల ఎనిమిది పేజీలు. తాను లేని రెండు వందల ఎనిమిది పేజీల మీద బావ చేత సంతకాలు పెట్టించాడు.

నాకు టీ కలిపి ఇచ్చింది కూడా సూదే. చక్కెర సరిపోయిందా అమ్మా అని రెండుసార్లు అడిగాడు.

మార్చి 18, మంగళవారం, ఉదయం 7

సూది ఫోన్ చేశాడు. గురువారం బావకి కుడి కన్ను ఆపరేషనట. కట్టు విప్పగానే ముందు చదివేది మన పుస్తకమేనమ్మా, నాకు పైకి చదివి వినిపిస్తానని మాటిచ్చాడు అన్నాడు. మన పుస్తకం అన్నాడు. ఒక కాపీ షాపు కౌంటరు మీదే పెట్టుకున్నాడట. కొలతలకొచ్చిన ప్రతివాళ్ళకీ, ఇందులో నేనున్నాను చూడండి అని అందిస్తున్నాడట. ఒకరిద్దరు తిరగేసి ఏదో నసిగారట. పాపం వాళ్ళకి చదవడం సరిగా రాదేమో అని నవ్వాడు.

గురువారంలోపు వెళ్ళి చెప్పెయ్యాలి. వేరే దారి లేదు.

అదే రోజు, సాయంత్రం 6

వెళ్ళలేదు. తలనొప్పి అని నాకు నేనే చెప్పుకున్నాను. తలనొప్పి ఏమీ లేదు.

మార్చి 20, గురువారం

ఆపరేషన్ బాగా జరిగిందట. ఒకరికి చూపొచ్చిందని విని గుండె జారిపోయిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మార్చి 23, ఆదివారం

ఈరోజు వెళ్ళాను. పొద్దున్న పది గంటలకి. ఏం చెప్పాలో దారంతా వల్లె వేసుకుంటూ వెళ్ళాను. షాపు షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్ళబోతూ మెట్టు మీదే ఆగిపోయాను. లోపల పెద్దాయన చదువుతున్నాడు.

నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పుస్తకాన్ని ముక్కుకి జానెడు దూరంలో పట్టుకున్నాడు. సూది కింద కూర్చుని ఏదో లంగా అంచు కుడుతూ వింటున్నాడు. అక్కని చేసుకున్నందుకు తమ్ముణ్ణి కూడా మోయాలి కాబోలు అనుకున్నాను, చివరికి వాడే నన్ను మోశాడు అని చదివాడు పెద్దాయన.

ఆ వాక్యం పుస్తకంలో లేదు. నేనే తీసేశాను.

ఆయన పేజీ తిప్పాడు. సరిగ్గా పేజీ అయిపోయేంత సేపాగి తిప్పాడు. ఉచ్చులు చదివాడు, పిట్టలు చదివాడు, సూది బావకి ఎక్కువ పెట్టి తాను ఎముకలు చప్పరించడం చదివాడు. ఎక్కడా తడుముకోలేదు. నేను మెట్టు మీద నిలబడి, అచ్చులో లేని పుస్తకాన్ని విన్నాను. నా మీద నాకు ఎంత అసహ్యం వేసిందో రాయడానికి మాట దొరకడం లేదు. ఎడిటర్ని. మాటలే నా పని.

సూది నన్ను చూసి స్టూలు జరిపాడు. పెద్దాయన కూడా చూశాడు, కానీ చదవడం ఆపలేదు. నూట పన్నెండో పేజీ వచ్చింది. వాడి చేతులు వణకలేదు, నా కాలే వణికింది అని చదివి పుస్తకం మూశాడు. సూది కళ్ళు తుడుచుకుని, ఈ భాగం చాలా బాగా రాశావమ్మా అని టీ తేవడానికి వెళ్ళాడు.

అప్పుడు పెద్దాయన అద్దాలు తీశాడు. శుక్రవారం, శనివారం కూర్చుని అంతా చదివేశానని చెప్పాడు. డాక్టరు వద్దన్నా చదివాడట. సూదిని ఎందుకు తీశావని అడిగాడు. అరవలేదు. ఒక్కడే ఉంటే కథకి బలం వస్తుందనుకున్నానన్నాను. ఒక్కణ్ణే అయితే కథ ఉండేది కాదమ్మా, శవం ఉండేది అన్నాడు.

ఇప్పుడే సూదికి అంతా చెప్పేస్తానన్నాను. వాడి ముందు నోరు విప్పావో, మర్యాదగా ఉండదన్నాడు. నీ బరువు దించుకోవడానికి వాడి నెత్తిన పెడతావా అన్నాడు. తర్వాత, ప్రతి పేజీ కిందా నా సంతకమే ఉంది కదా, వాడికి లెక్కప్రకారం నేనే జవాబు చెప్పుకోవాలి అన్నాడు. నన్ను నాలుగు తిట్టుంటే బాగుండేది. కొండ దిగేటప్పుడు సూదిని తిట్టినన్ని తిట్లు తిట్టినా పడేదాన్ని.

టీలో చక్కెర సరిపోయింది. తాగలేకపోయాను.

మార్చి 24, సోమవారం

రెండో ముద్రణలో సూదిని మళ్ళీ పెడదామని ఓనర్ని అడిగాను. ఆయన నోటీసు బోర్డు వైపు వేలు చూపించాడు. నూట పన్నెండో పేజీ తీసేస్తే ఇక అమ్మడానికి ఏముందన్నాడు. ప్రూఫు ఎలా చదివానో చెప్పబోయాను. రెండు చేతులూ ఎత్తి, నువ్వు చెప్పలేదు, నేను వినలేదు అన్నాడు. గట్టిగా వాదించలేదు. ఎప్పుడు వాదించాను గనక.

మార్చి 30, ఆదివారం

మళ్ళీ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. వెళ్ళకుండా ఉండలేకపోయాను.

కన్ను నీరు కారుతోందని పెద్దాయన పుస్తకం నా చేతికిచ్చాడు. వాడు మొదటినుంచి మళ్ళీ వింటాడట, నువ్వే చదువు, నీకు అలవాటే కదా అన్నాడు. సూదికి అది పొగడ్తలాగే వినిపించింది. అవును బావా, ఆ రోజు ఎంత చక్కగా చదివింది అన్నాడు.

చదివాను. అచ్చులో వేటగాడు ఒంటరిగా కొండెక్కుతుంటే, నా గొంతులో ఇద్దరూ ఎక్కారు. అచ్చులో ఆయన నిశ్శబ్దంగా నడుస్తుంటే, పైకి సూది కాళ్ళు నొప్పులని గోల పెట్టాడు. చాలాచోట్ల గుర్తుకు రాక ఆగాను. ఆగిన ప్రతిసారీ పెద్దాయన, ఆ పేజీ మడత పడింది చూడు అంటూ మొదటి రెండు మాటలు అందించాడు. చెమటతో పుస్తకం అట్ట మీద నా వేళ్ళ గుర్తులు పడ్డాయి. నలభై పేజీలు అయ్యేసరికి గొంతు పోయింది. వచ్చే ఆదివారం కూడా రావాలన్నాడు పెద్దాయన. అడిగినట్టు లేదు, శిక్ష వేసినట్టే ఉంది. వస్తానన్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

నూట పన్నెండో పేజీ చదివాను. సూది చెయ్యెత్తి, ఇక్కడొక తప్పుందమ్మా అన్నాడు. బావ కాలు కుట్టింది తెల్లదారం కాదట, నల్లదారమట. తెల్లది ఉచ్చులకే అయిపోయిందట. మొదటిసారి విన్నప్పుడే చెప్పాలనుకున్నాడట, నేను అంత బాగా చదువుతుంటే అడ్డు రాబుద్ధి కాలేదట. మళ్ళీ అచ్చు వేసేటప్పుడు మార్చమన్నాడు. పెద్దాయన కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. మారుస్తానన్నాను.

మధ్యాహ్నం వెళ్ళి ఆఫీసు తాళం తీశాను. రెండో ముద్రణ ఫైలు రేపు ప్రెస్సుకి పంపాల్సింది నేనే. ఓనర్ ఫైళ్ళు తెరిచి చూడడు, పధ్నాలుగేళ్ళలో ఒక్కటీ చూడలేదు. సూది ఉన్న పాత ఫైలు తెరిచాను. ముందు దారం రంగు మార్చాను.