ఎంచుకున్నది ఎవలు?

జహనుమా,
సోమవారం పొద్దుగాల.

నా బిడ్డ రూపకు మీ బాపు దీవెనలు పెట్టి రాసేది ఏమనంగ, దేవుని దయతోని ఇక్కడ నేను, మీ అమ్మ మంచిగనే ఉన్నం. నువ్వు హాస్టల్‌ల యాళ్లకు తిని, పానం మంచిగ చూస్కుంటున్నవని అనుకుంటున్న.

ఇగ క్షేమం రాసుడు అయింది. అసలు ముచ్చట రాయకపోతే నాకు చాయ్ గూడ గొంతు దిగేటట్టు లేదు! నిన్న మన మందిరంల ఏం జరిగిందో నువ్వు చూడాల్సింది బిడ్డా. మీ బైబిలు కాలేజోళ్లు ఆదివారం ఇచ్చే పది నిమిషాల ఫోన్‌ల చెప్తే ఒడువది. అందుకే మీ అమ్మ ఆసుపత్రి డైరీలకెల్లి కాగితాలు చింపి రాస్తున్న. ముప్పై ఏండ్లు స్టీరింగ్ పట్టిన చెయ్యి, అక్షరాలు వంకరపోతే నవ్వకు.

ముందుగాల నీ ఉత్తరానికి జవాబులు. మీ అమ్మ మోకాలు నయమైంది. ఫలక్‌నుమా స్టేషన్ మెట్లెక్కి రైలు గూడ అందుకుంటున్నది. నా కన్ను ఆపరేషన్ జనవరిల చేస్తమన్నరు, ఫికర్ చెయ్యకు. మూడోది, నువ్వు పోయే ముందటి ఆదివారం ప్రభువు బల్ల కాడ నేను అందరికి రొట్టె పళ్ళెం పట్టి, నేను మాత్రం తీస్కోలేదని, ఎందుకని అడిగినవ్. దానికి జవాబు ఉన్నది. జెర ఆగు, వస్త దానికాడికి.

నువ్వు ఎండాకాలం సెలవులల్ల వచ్చి యూత్ మీటింగ్‌ల కాల్విన్ బోధ చెప్పి పోయినవ్. మనిషి దేవుణ్ణి ఎంచుకోడు, లోకం పుట్టకముందే దేవుడే తనవాళ్లను ఎంచుకున్నడు, ఎంచుకున్నోళ్లను మల్ల ఇడిచిపెట్టడు అని. నువ్వు బెంగళూరు రైలెక్కినంక ఇక్కడ మస్తు లొల్లి. పోరగాండ్లు సగం మంది నీ దిక్కు, పెద్దమనుషులు పాస్టర్ జగన్నాథరావుగారి దిక్కు. ఒకింట్ల కూడిక పెడితే ఇంకో గుంపు రాదు. ఆఖరికి నీ రెండో ఏడాది కాగితం మీద సంతకం పెట్టనని అయ్యగారు పక్కకు పెట్టిండు. సంఘం సంతకం లేకుంటే నీ చదువు ఆగిపోతదని నాకు తెలుసు. ఈ సంగతి నీకు చెప్పలే, పరీక్షలున్నయని.

సంఘ పెద్దల మీటింగ్‌ల నేనే అన్న. "అయ్యగారూ, ఎనుకకెల్లి గుసగుసలెందుకు? అందరి ముంగట కూసుండి మాట్లాడుకుందాం." ఆయన, "సరేనండీ సాయిలు గారూ. కానీ పిల్ల లేదు కదా, ఆమె తరఫున ఎవరు మాట్లాడతారు?" అన్నడు. మలక్‌పేట వివేక్ ఉన్నడు గద, నీకు ఈ బోధ వీడియోలు పంపిన సాఫ్ట్‌వేర్ పిలగాడు, నేను మాట్లాడుత అని ముందుకొచ్చిండు.

నిన్న ఆరాధన అయినంక బగారన్నం, దాల్చా తిని, రెండు గంటలకు మొదలైంది. నూట ఇరవై మందికి పైనే! కుర్చీలు సరిపోక శాలిబండ టెంటు దుకాణం ఖాజా భాయ్ దగ్గరికెల్లి ఇంకో యాభై తెప్పించిన. ఇన్నేండ్లల్ల క్రిస్మస్‌కు తప్ప గంత మందిని నేను చూడలే.

అయ్యగారు మొదలువెట్టిండు. "తలుపు అందరికీ తెరిచే ఉందండీ. ఫలానావాళ్లే రండి అని రాసి పెట్టలేదు. లోపలికి రావడమా, మానడమా అన్నది మన చేతిలో ఉంది. అది కూడా మన చేతిలో లేకపోతే, నేను ముప్పై ఏళ్లుగా ఇక్కడ నిలబడి రండి రండి అని ఎవర్ని పిలుస్తున్నట్టు?"

ముందు వరుసలన్నీ ఆమెన్ అన్నయి. నేను గూడ అన్న.

వివేక్ లేసిండు. "పాస్టర్ గారూ, యేసయ్య పిలిచినప్పుడు లాజరు సమాధిల పండుకొని, పోదామా వద్దా అని ఆలోచన చేసి బయటికొచ్చిండా? సచ్చినోడు ఎట్ల ఎంచుకుంటడు? పిలుపు వచ్చింది, పానం వచ్చింది, అప్పుడు లేసిండు. మనం గూడ గట్లనే."

ఎనుక వరుసల పోరగాండ్లు ఒకటే చప్పట్లు! నేను గూడ కొట్టిన. మీ అమ్మ నా మోచెయ్యి గుంజి, "నువ్వు ఏ దిక్కయ్యా?" అన్నది. నిజం చెప్తున్న, నాకే తెల్వది. ఇద్దరూ గ్రంథం తిప్పుతుంటే పేజీల చప్పుడు వానొచ్చినట్టు వినబడుతున్నది. దేవుడు అందరినీ ప్రేమించిండని అయ్యగారు ఒక వాక్యం తీస్తే, మనం కుమ్మరి చేతిల మట్టి అని వివేక్ ఇంకో వాక్యం తీస్తడు. "మరి దేవుడు పిలవనివాడి తప్పేమిటి నాయనా?" అని అయ్యగారు అడిగితే వివేక్ ఫోన్ తీసి వాక్యం వెతుక్కున్నడు. "యేసయ్య అందరికోసం పానం పెట్టినంక గూడ కొందరు తప్పిపోతే ఆయన ఓడిపోయినట్టే గద?" అని వివేక్ అడిగితే అయ్యగారు అద్దాలు తీసి తుడుసుకున్నడు.

గంటైనంక సంఘంలకెల్లి ఎవలన్న మాట్లాడొచ్చన్నరు. ఆటో శ్రవణ్‌కుమార్ లేసిండు. తాగుడు మానుత అని ఏడాదికోసారి ముందుకొచ్చి మోకరిల్లేటోడు, యాదికున్నడా? "నాలుగుసార్లు రక్షణ పొందిన, నాలుగుసార్లు పోగొట్టుకున్న" అన్నడు. కొందరు నవ్విండ్రు. వాడు నవ్వలే. "పడ్డప్పుడల్లా, అయిపోయింది, దేవుడు ఇడిసిండు, ఇగ తాగుతే ఏంది అనుకుంటుంటి. ఎండాకాలంల రూపక్క ఒక మాటన్నది. అన్నా, నువ్వు ఆయన చెయ్యి పట్టుకున్నవని కాదు, ఆయన నీ చెయ్యి పట్టుకున్నడని నిమ్మళంగ ఉండు అన్నది. ఆర్నెల్లయింది. ముట్టలే. ఇది తప్పు బోధ అయితే, నాకు మాత్రం చెప్పకుండ్రి." వాని పెండ్లాం కొంగు మొకానికి అడ్డం పెట్టుకున్నది. నాకు ఎంత గర్వమైందో! నా బిడ్డ మాట ఒక ఇంటిని నిలబెట్టిందని లేసి అరువాలనిపించింది.

గప్పుడే విమలాదేవమ్మ లేసింది.

ఆర్నెల్ల సంది ఆమె మందిరానికి వస్తలేదు. కాళ్ల నొప్పులనుకున్నం. నిన్న మీ అమ్మ పోయి తోల్కొచ్చింది. ఆమె మైకు తీస్కోలే. "నా బిడ్డ బన్నీ బండి మీదికెల్లి పడి సచ్చిపోయిండు. మందిరానికి రమ్మంటే నవ్వేటోడు, బాప్తిస్మం తీస్కోలే. ఎండాకాలంల రూపను అడిగిన, వాడు యాడున్నడు బిడ్డా అని. దేవుడు ఏర్పరచుకున్నోడైతే నమ్మకుంట సావడు అమ్మమ్మా, అన్నది." స్టేజీ దిక్కు తిరిగింది. "మీ అందరి మాటలు విన్న. అయ్యగారి లెక్కల నా బిడ్డ దేవుణ్ణి కాదన్నడు. ఈ పిలగాని లెక్కల దేవుడే నా బిడ్డను కాదన్నడు. రెండిట్ల వాడు బయటనే ఉన్నడు. మీల ఎవలు గెలిస్తే నాకేంది నాయనా?"



రూపా, ఈ మాట రాయకుంట ఉండలేను. నువ్వన్నది వాక్యం ప్రకారం తప్పా ఒప్పా చెప్పే చదువు నాకు లేదు. గని ఆమె అడిగినప్పుడు నువ్వు ఫోన్ చేతుల పట్టుకొని, గడపల నిలబడే జవాబు చెప్పి వచ్చినవంట. ఆమె పక్కన కూసోలేదంట. శ్రవణ్‌ను నిలబెట్టిన బోధనే ఆమెను ఆర్నెల్లు ఇంట్ల కూసోబెట్టింది.

వివేక్ స్టేజీ దిగిండు. అన్నిటికీ జవాబు జేబుల పెట్టుకొని తిరిగే పిలగాడు, ఆమె కుర్చీ ముంగట నేల మీద కూసున్నడు. "అమ్మమ్మా, నాకు తెల్వది. దేవుడు ఎవలను ఎంచుకున్నడో నేను చూడలే. బండి మీదికెల్లి పడ్డంక బన్నీ ఏమని పిలిచిండో, ఎవలు విన్నరో నాకు తెల్వది. తెలిసినట్టు మాట్లాడినం. తప్పు మాదే" అన్నడు. అయ్యగారు గూడ నెమ్మదిగ దిగి వచ్చి, "నాకూ తెలియదమ్మా" అన్నడు. ముప్పై ఏండ్లల్ల ఆయన నోట ఆ మాట నేను వినలే. ఆమె ఇద్దరి దిక్కు చూసి, "గా మాట ముందే అంటే నేను ఇంట్ల కూసుందునా?" అని కండ్లు తుడుసుకున్నది.

ఇగ నీ మూడో ప్రశ్న.

ఆమెను చూసినంక నా కాళ్లు ఆగలే. లేసిన. బిడ్డా, ఇది నీకు ఎప్పుడో చెప్పాల్సింది. నేను దేవుని కోసం బాప్తిస్మం తీస్కోలే. మీ అమ్మ కోసం తీస్కున్న. అప్పుడు డిపోల కొత్తగ చేరిన. ఆమె నర్సు ట్రైనింగ్‌కు రోజు శాలిబండ స్టాప్‌ల నా బస్సు ఎక్కేది. మీ తాత విశ్వాసి కానోనికి పిల్లనియ్య అన్నడు. నీళ్లల్ల దిగిన, నమ్ముతున్నవా అంటే నమ్ముతున్న అన్న. అబద్ధం. ఆ తరువాత ముప్పై ఒక్క ఏండ్లు పాటలు పాడిన, పళ్ళెం పట్టిన, సంఘ పెద్దనైన. నడుమ ఏదో ఒక రోజు అది నిజమైంది. ఏ రోజో మాత్రం తెల్వది.

ఎండాకాలంల నువ్వు దేవుడు ఎంచుకునే ఏర్పాటు గురించి చెప్తుంటే ఎనుక కూసుండి విన్న. అబద్ధం చెప్పి లోపలికొచ్చినోని పేరు అండ్ల ఉంటదా అని భయం వట్టింది. ఆ ఆదివారం సంది రొట్టె ముట్టలే. నిన్ను అడుగుదామంటే సిగ్గు.

నిన్న అందరి ముంగట ఇదంత చెప్పిన. చెప్తుంటే చెప్తుంటే నాకే ఒకటి తట్టింది రూపా! అప్పుడే అనేసిన. "అయ్యగారూ, నేను ఎంచుకున్నది మా ఇంటామెను. దేవుణ్ణి ఎంచుకోలే. మరి నన్ను ఇక్కడిదాక తెచ్చి కూసోబెట్టింది ఎవలు?"

ఆయన ఏదో అనబోయిండు, మీ అమ్మ లేసింది. "నాకు ఎరుకే" అన్నది, అందరు వినంగ! "నీళ్లల్లకెల్లి లేసి మొదలు నా దిక్కు చూసినవ్. ఆ రోజే తెలిసింది నాకు. ముప్పై ఒక్క ఏండ్లు నేను పొద్దున్నే మోకాళ్ల మీద ఎందుకు పడుతున్ననుకున్నవ్? మోకాలు ఊకెనే అరిగిందా?"

ఇగ నవ్వులే నవ్వులు. అయ్యగారు కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వి, "సాయిలు గారూ, మీ కేసు మాత్రం ఆ అబ్బాయి వైపే ఉందండీ. కానీ అమ్మగారి ప్రార్థన లేకపోతే ఏమయ్యేదో చెప్పమనండి!" అన్నడు. 

గుమ్మంల ఖాజా భాయ్ నిలబడ్డడు. కుర్చీలు తీస్కపోను ఐదు గంటలకు వచ్చి, గంటసేపటి సంది వింటున్నడంట. "తఖ్దీర్ కా మామ్లా హై సాయిలు భాయ్" అన్నడు. "మా పెద్దోళ్లు గూడ ఈ తలరాత మీద ఎన్నో వందల ఏండ్ల సంది గిదే లొల్లి పెట్టుకున్నరు, ఇంకా తెగలే. కుర్చీలు రేపు తీస్కపోత, మీరు మాట్లాడుకోండ్రి."

ఆఖరికి ప్రభువు బల్ల పెట్టిండ్రు. నేను పళ్ళెం పట్టుకొని వరుసలన్నీ తిరిగి వచ్చిన. మీ అమ్మ నా చేతులకెల్లి పళ్ళెం తీస్కొని నా ముంగటనే పట్టింది. ఆడోళ్లు పళ్ళెం పట్టొద్దని మన దగ్గర రూలున్నది గద, అయ్యగారు కిటికీ దిక్కు చూసిండు. నేను తీస్కున్న. 

నీ కాగితం మీద సంతకం అయింది! దీనితోనే పంపుతున్న, పైలంగ ఆఫీసుల ఇయ్యి. సంతకం పెట్టేటప్పుడు అయ్యగారు, "ఈ బోధ నాకు ఇప్పటికీ సమ్మతం కాదండీ. కానీ చదువు ఆపేస్తే ఆ పిల్ల ఎవరితో వాదించి నేర్చుకుంటుంది?" అన్నడు. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు ఆయనతోని కూసుండి వాదించు, నేను చాయ్ పోస్త.

గని ముందుగాల విమలాదేవమ్మ ఇంటికి పో. జవాబు పట్టుకొని పోకు. మందిరం నుంచి ఆమెను ఇంటికాడ దింపేటప్పుడు, నా బిడ్డ తరఫున మాఫీ అడుగుత అమ్మా, దాన్ని గట్టిగ తిడుత అన్న. ఆమె తాళం తీసుకుంట వెనుకకు తిరిగి ఒక్క మాటన్నది.

"రూపను తిట్టకు సాయిలూ. దానికి ఇంకా బిడ్డలు లేరు గద."

అందుకే తిట్టకుంట, ఆమె అన్నది అన్నట్టు రాసిన.

ఇట్లు,
నీళ్లల్ల అబద్ధం చెప్పి, ఒడ్డు మీద దొరికిపోయిన
మీ బాపు,
సాయిలు