నాలుగో మంచంకోడు

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పక్కింటి సత్తెమ్మగారి మంచానికి మూడు కోళ్ళు చేసి, నాలుగోది మొదలుపెట్టకుండానే వెళ్ళిపోయావు. ఆవిడ ఆ మూల కింద ఇటుకలు పెట్టుకుని పడుకున్నారే తప్ప, ఇంకెవరిచేతా చేయించుకోలేదు. అందుకే ఈ రోజు అంబాజీపేట బడికి సెలవు పెట్టి, నీ ఉలులు నేనే బయటికి తీశాను. చిన్నప్పుడు నీ పక్కన కూర్చుని చూడటమే గాని, వాటినెప్పుడూ పట్టలేదు.

పొద్దుటినుంచి లేని కరెంటు మూడింటికి వచ్చింది. కోళ్ళు తిప్పి చెక్కే నీ తరిమెనకి మోటారు వేసి, తిరుగుతున్న టేకు చెక్కకి గుండ్రటి ఉలి ఆనించాను. రెండుసార్లు ఎగిరిపడింది. నీది ఎడమచేతి వాటమని అప్పుడు గుర్తొచ్చింది; పిడి నీ పట్టుకే అరిగింది. చెయ్యి మార్చాను. పొట్టు పొడుగ్గా రిబ్బనులా లేచింది.

కోడు పూర్తయ్యాక చూస్తే, మెడ దగ్గర నువ్వు వేసే సన్నటి గాడి ఉంది. అది నేను వేసినట్టు గుర్తులేదు.

కోడు బిగించాక సత్తెమ్మగారు మంచం మీద కూర్చుని అటూ ఇటూ ఒరిగి చూసుకున్నారు.

"కదలట్లేదమ్మా. పొద్దుటినుంచీ తరిమెన చప్పుడు వింటానే ఉన్నాను. మధ్యలో మీ నాన్నగారు దగ్గేరు కూడాను."

కరెంటు సంగతి చెప్పబోయి ఆగిపోయాను.

"ఆయ్, పని అయ్యేదాకా ఉన్నారండి" అన్నాను.

ఉలులు తుడిచి పెట్టెలో సర్దాను నాన్నా. తాళం మాత్రం వెయ్యలేదు.

నీ అమ్మాయి