ఆషూర్ మొదటి అక్షరం

నవంబర్ 4, 2012

పొద్దుటినుంచీ వాన. తీజీ వూజూ ఊరంతటా కరెంటు లేదు. మా సంఘం ఆఫీసులో కంప్యూటర్లు మూగబోయాయి. హాయి.

రాత్రిళ్ళు తుపాకులవాళ్ళు ఊళ్ళ మీద పడ్డ ఆ చెడ్డ సంవత్సరాల్లో ఏం జరిగిందో కొండ ఊళ్ళ తల్లులు చెప్పుకున్నదంతా వాటిలోనే ఉంది. చెప్పేవాళ్ళు పేరు చెప్పక్కర్లేదు, ఊరు చెప్పక్కర్లేదు. వేల పేజీలు. అన్నీ ఎవరు చదవగలరు? చేరిన రోజునుంచీ మా అన్న పేరు కొట్టి వెతుకుతున్నాను. ఆషూర్. నా ఆరో ఏట ఒక సాయంత్రం బయటికి వెళ్ళాడు, మళ్ళీ ఇంటికి రాలేదు. అమ్మ చెప్పింది ఇంతే. ఎవరో ఒకరు ఎక్కడో చూసి ఉండరా?

ఇంటికి వెళ్ళగానే అమ్మ అడిగింది, ఇవాళైనా దొరికాడా అని. రోజూ అడుగుతుంది. లేదన్నాను. రొట్టె మీద కొత్త ఆలివ్ నూనె ధారగా పోసి పెట్టింది. నేను లేదన్నప్పుడల్లా అమ్మకి నా మీద ప్రేమ పొంగుకొస్తుంది. ఎందుకో తెలియదు.

నవంబర్ 5

సెర్చ్. సున్నా.

నవంబర్ 11

మేమంతా బాబాయ్ అని పిలిచే బెల్‌ఖాసెం ఆఫీసుకొచ్చి కాఫీ తాగి, అందరినీ వెక్కిరించి వెళ్ళాడు. మొదటి ఏళ్ళలో టైపంతా ఆయనదే. మాటల్లో బయటపడింది. అప్పట్లో మన కబైలీ భాష అక్షరాలు కీబోర్డులో ఎక్కడేడ్చాయే పిల్లా, గ్రీకువాళ్ళది ఒకటి అచ్చం మనదిలాగే ఉంటే ఎత్తుకొచ్చి పెట్టేశా అన్నాడు.

తిరగేసిన మూడులా ఉండే అక్షరం. ఆషూర్ పేరుకి మొదటిది.

చూస్తే రెండూ కవలలే. కంప్యూటర్ చూడదు కదా. దానికి ప్రతి అక్షరమూ ఒక నంబరు. మన అక్షరానిది ఒకటి, గ్రీకుదానిది ఇంకొకటి. ఇన్నేళ్ళూ నేను వేరే నంబరుతో పిలుస్తూ కూర్చున్నాను.

ఒళ్ళు మండిపోయింది. ఈ ముక్క ముందే చెప్తే నీ సొమ్మేం పోయింది బాబాయ్ అన్నాను. అడిగి చచ్చావా ఎప్పుడైనా అన్నాడు.

అదే రోజు, సాయంత్రం

గ్రీకు అక్షరం పెట్టి కొట్టాను. ఒక్క పేజీ. అందులో ఉన్నాడు.

నవంబర్ 12

ఎవరో తల్లి చెప్పింది. చీకటి పడ్డాక ఆమె కొడుకు తలుపు కొట్టాడట. తియ్యమ్మా, నా వెనకే వస్తున్నారు అన్నాడట. ఆ వారమే కింది ఇంటివాళ్ళు ఒకణ్ణి లోపలికి రానిచ్చారని, కొండ దిగివచ్చిన ఆ మనుషులు ఇంటిల్లిపాదినీ కోసేశారు. ఆమె తియ్యలేదు. ఒళ్ళో చిన్నపిల్ల జ్వరంతో మూలుగుతోంది. దాని నోరు చేత్తో నొక్కి పట్టుకుంది. ఆషూర్ కాసేపు కొట్టాడట. తర్వాత కొట్టలేదట.

పిల్ల పేరు కూడా చెప్పింది. ఉర్దియా.

అది నేను. నా పేరులో ఆ పాడు అక్షరం లేదు. నా పేరు కొట్టి ఉంటే ఎప్పుడో దొరికేది. నా పేరు నేనెందుకు వెతుక్కుంటాను?

నవంబర్ 13

ఒంట్లో బాగాలేదని చెప్పి తొందరగా పడుకున్నాను. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. గోడవైపు తిరిగాను. ఆ చెయ్యి నేను భరించలేకపోయాను.

నవంబర్ 15

చెప్పేశాను. దొరికాడమ్మా అన్నాను.

అమ్మ పిండి కలుపుతోంది. చేతులు ఆగలేదు. ఇప్పుడా అంది. నీకు ఎదురుగా చెప్పే ధైర్యంలేకే సంఘంవాళ్ళకి చెప్పానే, నువ్వు అక్కడ చేరిన మొదటి వారమే చదివేసి ఉంటావనుకున్నా అంది. చదివి కూడా నా మొహం చూసి లేదంటున్నావనుకున్నా, రోజూ అడిగేది అందుకే, రోజుకోసారి క్షమిస్తున్నావనుకున్నానే పిచ్చిదాన్ని అంది.

నేను క్షమించలేదు. నాకు తెలియదు, అంతే.

ఇప్పుడు తెలిసింది కదా, క్షమిస్తావో లేదో ఇప్పుడు చెప్పవే అంది. నన్ను బతికించినందుకు ఆమె మీద కోపం వచ్చింది. బతికి ఉన్నందుకు నా మీద నాకు అసహ్యం వేసింది. పిండి అలాగే ఎండిపోయింది. ఎవరమూ తినలేదు.

నవంబర్ 18

బెల్‌ఖాసెం బాబాయ్ టైపు చేసిన ఫైళ్ళన్నిటిలో గ్రీకు అక్షరం తీసేసి మనది పెట్టాను. ఆ పేజీ ఒక్కటీ వదిలేద్దామనిపించింది. అమ్మ వద్దంది. వాడిని ఒకసారి బయటే వదిలేశాను, చాల్లే అంది.

ఇప్పుడు ఎవరు కొట్టినా ఆషూర్ దొరుకుతాడు.

నవంబర్ 21

మధ్యాహ్నం అమ్మ వీధి తలుపు గడియ ఊడబీకి లోయలోకి విసిరేసింది. తలుపు బార్లా తెరుచుకుంది. మంచు పడుతోంది, ఇల్లంతా చలి. ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. నేను లేచి తలుపు వెయ్యలేదు.