ఇసుకకి రెండు తాళ్లు

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అమ్మ మడవచేపల పులుసు చేసి నీకు విస్తరి వేసింది. నేను మాత్రం పట్టలేని సంతోషంతో ఇది రాస్తున్నాను.

నా పనేమిటని ఒకసారి అడిగావు. సిలికాన్ పలకకు చిన్న కర్బన అణువు ఎలా అంటుకుంటుందో కంప్యూటర్లో లెక్కగట్టడం అన్నాను. సిలికాన్‌ను ఇసుక నుంచే తీస్తారనీ చెప్పాను. నువ్వు వల బాగుచేస్తూనే, "అంటే ఇసకకి పడవని కట్టే పనే గదా పాపా" అని తేల్చేశావు.

ఆ అణువు నన్ను నెలల తరబడి ఏడిపించింది. ఒక కొస మీద నిలబెట్టి లెక్క మొదలుపెడితే, ప్రతిసారీ పలకను వదిలి పైకి తేలిపోయేది. పోయిన వారం అలా తేలుతుంటే, పులికాట్ ఒడ్డున నువ్వు తమ్ముడి మీద వేసే కేక గుర్తొచ్చింది: "ఒంటి తాడుతో కట్టిన పడవ గాలి సొమ్మురా!"

అణువును పడుకోబెట్టి, రెండు కొసలనూ రెండు సిలికాన్ పరమాణువుల మీదికి చేర్చాను. అంటుకుంది నాయనా! ఇక కదల్లేదు!

ఆ ఫైలుకు 'రెండు తాళ్లు' అని పేరు పెట్టాను. తెలుగు రాని మా ల్యాబ్ మేడమ్ అదేదో కొత్త పద్ధతి అనుకుని, అందరినీ 'రెండు తాళ్లు' వాడమంది. నేను సరిదిద్దలేదు.

తమ్ముడు నీ పడవను ఇంకా ఒంటి తాడుతోనే కడుతున్నాడు. నా కబురు విని అమ్మ, అన్నం తింటున్న వాడి మీద ఇంతెత్తున లేచింది.

"ఇసక కూడా మీ నాయన మాట వినిందిరా, నువ్వెప్పుడు వింటావు?"

వాడు చెయ్యి కడుక్కుని, ఇంకో తాడు భుజాన వేసుకుని ఒడ్డుకు పోయాడు.