వేలు వణికించని వ్రతం

మార్చి 4, సోమవారం. ఉదయం 7
ఈ రోజు నుంచి వైబ్రాటో బంద్! తీగ మీద వేలిని వణికిస్తూ స్వరాన్ని ఊపడం ఇక నా జన్మలో లేదు. మూడొందల ఏళ్ల కిందట వయొలిన్ వాళ్లు ఈ ఊపుడును ఎప్పుడో పండక్కి నగ పెట్టుకున్నట్టు వాడేవారట. మేమేమో చీటికీమాటికీ ఊపేస్తున్నామని ఖెరిట్ మాస్టారి బాధ. ఆ పాతకాలపు బరోక్ సంగీతం వాయించే మా బృందానికి ఆయనే పెద్ద దిక్కు. మోకాళ్ల మధ్య ఇరికించుకుని వాయించే గాంబా ఆయన వాద్యం.
"ఎవరి వేలు కదలకుండా ఉంటే గుడ్ ఫ్రైడే సోలో వాళ్లది," అన్నారు. పోటీకి బృందంలో రెండో వయొలిన్ వాయించే ఫెమ్కే ఒక్కతే. సోలో నాదే!

సాయంత్రం 5
గంటసేపు ఊపలేదు. తలుపు కింద పిల్లి తోక పడినట్టుంది నా వయొలిన్. అయినా పవిత్రంగా ఉంది.

మార్చి 7
మా ఆవిడ మార్లైన్ పెద్ద ఆర్కెస్ట్రాలో వాయిస్తుంది. అక్కడ అందరూ ఊపుతారు, జీతం పుచ్చుకుని మరీ. వంటింట్లోంచి కేకేసింది.
"ఏమయ్యా, ఎవరైనా పోయారా?"
"ఇది పదిహేడొందల నాటి స్వచ్ఛత!"
"అయితే గీజరు కూడా కట్టెయ్. వాళ్లు స్నానాలూ చేసేవాళ్లు కాదు."

మార్చి 12
మాస్టారు మా ఇద్దరి మణికట్లకూ బుల్లి గంటలు కట్టారు. చెయ్యి వణికితే గంట మోగుతుంది. నాది మోగింది. మోగుతూనే ఉంది.
"షూర్డ్, గొర్రెల్ని తోలుకొస్తున్నావా?" అంది ఫెమ్కే. ఆ పిల్ల గంట నోరు విప్పలేదు.

మార్చి 17, ఆదివారం
ఊపాను. ఈస్టర్ ముందు ఉపవాసాల్లో ఆదివారాలు లెక్క కావు కదా. నా వ్రతానికీ అదే న్యాయం.

మార్చి 20
బుధవారమే. అయినా ఊపాను. సాకు చలి! అదీ బాత్రూంలో దాక్కుని. చాక్లెట్ పలుకులు చల్లిన రొట్టె తిన్నంత హాయి.

మార్చి 26
చివరి పరీక్షలో నా గంట మోగలేదు, ఫెమ్కేది ఒక్కసారి మోగింది. సోలో నాకే ఇచ్చారు! ఫెమ్కే మూతి ముడుచుకుంది.
కానీ రిహార్సల్లో ఒకటి చూశాను. మాస్టారి ఎడమ చెయ్యి వణుకుతోంది. ఆయన వణికించడం లేదు, అదే వణుకుతోంది. నేను చూడటం ఆయన చూశారు.
"చర్చిలో చలిరా," అన్నారు. మేమంతా స్వెటర్లు విప్పేసి కూర్చున్నాం.
కాసేపాగి, "ఎవరికీ చెప్పకు. ఈ శుక్రవారం ఒక్కటీ వాయించనీ," అన్నారు. సరేనన్నాను.

మార్చి 29, గుడ్ ఫ్రైడే
మా యూట్రెక్ట్ ఊరంతా చర్చిలోనే ఉంది. నా సోలోకి తోడు మాస్టారి గాంబా ఒక్కటే. మొదలుపెట్టిన కాసేపటికే ఆయన స్వరం వణికింది. నాది కర్రలా నిటారుగా ఉంది. రెండూ పక్కపక్కన వింటే ఎవరి చెయ్యి పాడైందో ఎవరికైనా తెలిసిపోతుంది. ముందు వరసలో తలలు ఆయన వైపు తిరిగాయి. ఆయన తల దించుకున్నారు.
ఊపాను. కావాలనే, నిండుగా, సిగ్గు లేకుండా, ఇద్దరం ముందే అనుకుని వాయిస్తున్నట్టు ఊపాను. తిరిగిన తలలు మళ్లీ సర్దుకున్నాయి.
తర్వాత అందరం కలిసి వాయించేటప్పుడు పక్కకి చూస్తే, ఫెమ్కే కూడా ఊపుతోంది! మొహం మాత్రం ఆముదం తాగినట్టుంది.
క్రీస్తు పోయిన రోజు కదా, ఇక్కడ ఎవరూ చప్పట్లు కొట్టరు. అందరూ మౌనంగా వెళ్లిపోయారు. మాస్టారు కూడా.

ఏప్రిల్ 1, సోమవారం
మాస్టారి ఫోన్.
"సిగ్గులేదట్రా మీ ఇద్దరికీ? బంగారంలాంటి సంగీతాన్ని ఐస్‌క్రీం బండి పాట చేశారు!"
"తప్పయింది మాస్టారూ."
ముక్కు చీదిన చప్పుడు.
"వచ్చే ఏడు కూడా నన్ను కూర్చోనిస్తారా?"
"మీరు లేకపోతే మమ్మల్ని తిట్టేదెవరు?"
"అయితే ఈ రోజే మళ్లీ మొదలుపెట్టు. వేలు కదిలిందో, చంపేస్తా."

సాయంత్రం 4
వైబ్రాటో బంద్! ఈసారి ఖాయం. మినహాయింపు ఒక్కటే: మాస్టారి పక్కన కూర్చున్నప్పుడు ఆయన చెయ్యి ఎంత వణికితే నా వేలూ అంత వణుకుతుంది.