టోపీ గంజితో నిలబడిన లంగా

పారిస్, మార్చి 1886

అమ్మకు కటెల్ దండాలు. నేను కులాసా. దగ్గు తగ్గింది, దిగులుపడకు.

మా నాట్యశాల కుట్టుగదిలో పెద్ద రగడైంది. మిలాన్ నుంచి వచ్చిన బెలోత్తి అనే నర్తకి, మేము పిక్కలదాకా కుట్టిన లంగాను తానే కత్తెర పట్టి మోకాళ్ళ పైకి కోసేసింది. "నా కాళ్ళు పడే కష్టం జనం చూడొద్దా?" అంది. కోసిన మల్లుగుడ్డ పొరలన్నీ తడిసిన కోడి రెక్కల్లా వేలాడిపోయాయి. ఇక్కడ ఆ లంగాను టూటూ అంటారు. మా కుట్టుగది పెద్ద ఓబర్తెన్ మేడమ్ దాన్ని చూసి, "టూటూనా ఇది? అంట్లగుడ్డ!" అని అందరినీ దులిపేసింది. నేను ఊరుకోలేక, ఆదివారం చర్చిలో పూజకు నువ్వు పెట్టుకునే లేసు టోపీకి లాగే గంజి పెట్టి, తలకిందులుగా ఆరేశాను. మర్నాటికి విప్పిన గొడుగులా నిలబడింది! బెలోత్తి నా రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని, "ఎవరు నేర్పారే నీకు?" అంది. "మా అమ్మ" అన్నాను.

అలాంటివి ఇంకా పన్నెండు కావాలట. రెండోదానికి గంజిలో కలిపే మైనం ఎక్కువై పచ్చబడింది. గంజిలో మైనం ఎంత వేస్తావో చెప్పు. ఆవు ఈనిందా? అన్న చేపలవేట నుంచి వచ్చాడా?

ఫాదర్ గారూ, ఈ కార్డు అమ్మకు చదివి వినిపించేది మీరే కాబట్టి మీకో మనవి. మోకాళ్ళ మాట దగ్గర దగ్గి దాటేసి ఉంటారు, పరవాలేదు. గంజి కొలత మాత్రం అమ్మ చెప్పింది చెప్పినట్టు రాసి పంపండి. పూజలో మీరు తొడుక్కునే తెల్ల అంగీకి ఆమె పెట్టేదీ ఆ గంజే.

మీ దీవెనలు కోరే
కటెల్