కవరులోంచి తీసిన ఫొటో

మంగళవారం, రాత్రి

ఒళ్ళు మండిపోతోంది. పొద్దున మన చెరువులో నాలుగు చేపలు పైకి తేలితే, ఈయన ఒకదాని మొప్పలు ఫొటో తీసి ఏలూరులోని చేపల డాక్టరుకి పంపారు. నీళ్ళు పడకుండా ఫోన్ని ఎప్పుడూ పాలిథిన్ కవరులో చుట్టి రబ్బరు బ్యాండు వేస్తారు కదా, ఆ కవరులోంచే తీశారు.

"ఏవండీ, కవరు తీసి తియ్యండి" అన్నాను.

"తడిస్తే కొత్తది నువ్వు కొంటావా?" అన్నారు.

కాసేపటికి డాక్టరు ఫోను. "మొప్పలు తెల్లబడిపోయాయండీ, జబ్బే. ఇవాళే చేపలన్నీ పట్టించెయ్యండి." సగం కూడా ఎదగని చేపల్ని సాయంత్రానికల్లా అయినకాడికి అమ్మేశాం.

వాటిలోంచి కూరకని తెచ్చిన చేపని ఇంటి దగ్గర కోశాను. మొప్పలు నెత్తురులా ఎర్రగా ఉన్నాయి! చూపిస్తే, "చౌక ఫోను, కెమెరా అంతే" అంటారు. కెమెరా ఏం చేసింది? చేపలకి మేతేసే తవుడు మరకలతో మసకబారిన ఆ కవరు పీకేసి నేను తీశాను. ఎర్రగానే వచ్చింది.

పొద్దుటి ఫొటో మళ్ళీ చూశాను. చేపని పట్టుకున్న ఈయన చెయ్యి కూడా తెల్లగానే ఉంది. గట్టు మీద ఎండకి బొగ్గులా మాడిన చెయ్యి! దానికి మాత్రం జబ్బని చెప్పలేదేం, ఆ డాక్టరు?